పుస్తకాల యాప్‌లో ప్రైవేటు మెసేజీలు: మూడో వారం

మా అపార్ట్‌మెంట్ వాళ్లం పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడానికి గ్లైడ్‌లో (కోడ్ రాయకుండా యాప్‌లు కట్టుకునే సాధనం) నేను కడుతున్న యాప్‌లో పుస్తకాల జాబితా, "నాక్కావాలి" బటన్ పోయిన నెలే అయిపోయాయి. 28 ఫ్లాట్లలో 11 ఇళ్లవాళ్లు చేరారు. చేరినవాళ్లు అడిగింది ఒకటే: "ఫోన్ నంబరు ఇవ్వకుండా మాట్లాడుకోవడం కుదరదా అండీ?"

గ్లైడ్‌లో కామెంట్లు రెడీమేడ్‌గా దొరుకుతాయి. కానీ పుస్తకం కింద నలుగురూ చూసే మాటలకే అవి బాగుంటాయి. అందుకని మెసేజీలకు వేరే టేబుల్ పెట్టాను. పంపినవారి ఈమెయిల్, అందుకునేవారి ఈమెయిల్, మాట, సమయం: నాలుగే కాలమ్స్. ఆ రెండు ఈమెయిల్స్‌లో ఒకటి లాగిన్ అయినవాళ్లదైతేనే చూపించమని స్క్రీన్‌కి ఫిల్టర్ పెట్టాను. చక్కగా పనిచేసింది.

ఆదివారం ఇంకో స్క్రీన్ చేర్చి, దానికి ఫిల్టర్ పెట్టడం మర్చిపోయాను. మా ఆయన ఫోన్‌లో నాలుగో అంతస్తు పిన్నిగారు ఎవరికో రాసిన మెసేజి కనబడింది: "302 వాళ్లకి మాత్రం ఇవ్వకు, అట్ట ఊడగొట్టి ఇస్తారు." 302 మేమే.

అట్ట సంగతి తర్వాత. ఫిల్టర్ తెర మీద కనబడకుండా చేస్తుందే తప్ప, డేటా ఫోన్‌లోకి రాకుండా ఆపదు. గుమ్మానికి కర్టెన్ కట్టి తాళం వేశాననుకున్నాను. అసలు తాళం 'రో ఓనర్స్'. ఈమెయిల్ ఉన్న కాలమ్‌ని రో ఓనర్‌గా గుర్తిస్తే, ఆ ఈమెయిల్‌తో లాగిన్ అయినవాళ్లకే ఆ వరస సర్వర్ నుంచి వస్తుంది. రెండు కాలమ్స్‌నీ గుర్తించాలి, లేకపోతే పంపినవాళ్లు తమ మెసేజి తామే చూడలేరు. టెంప్లేట్ (వేరే కాలమ్స్‌లోని మాటల్ని కలిపి చూపేది) లాంటి లెక్కకట్టే కాలమ్స్ దీనికి పనికిరావు, మామూలు కాలమే కావాలి. ఇది తెలియక ఒక సాయంత్రం పోయింది. ఈమెయిల్ ఖాళీగా ఉన్న నా పాత టెస్ట్ మెసేజీలు యాప్‌లో మాయమయ్యాయి. కంగారుపడ్డాను, టేబుల్లో మాత్రం భద్రంగానే ఉన్నాయి.

తర్వాతి చిక్కు, ఒకే ఇద్దరి మధ్య రెండు సంభాషణలు. నేను పిన్నిగారికి రాస్తే ఒకటి, ఆవిడ నాకు రాస్తే ఇంకొకటి. సంభాషణలకు విడిగా టేబుల్ పెట్టి, అక్కడా ఇద్దరి ఈమెయిల్స్‌నీ రో ఓనర్స్ చేశాను. "నేను-ఆవిడ", "ఆవిడ-నేను" అని రెండు టెంప్లేట్లు రాసి, రిలేషన్‌తో (ఒకే విలువ ఉన్న వరసల్ని జతకలిపే కాలమ్) రెండూ వెతికిస్తున్నాను. ఏదో ఒకటి దొరికితే పాత సంభాషణే తెరుచుకుంటుంది. ప్రతి మెసేజిలో ఆ సంభాషణ రో ఐడీ, అంటే ఆ వరస గుర్తింపు, పడుతుంది.

చదవని మెసేజీల లెక్క ఇంకా పెట్టలేదు. అందుకునేది ఒక్కరే కాబట్టి "చదివారు" అని ఒక టిక్కు కాలమ్, దాని మీద రోలప్ (వరసల్ని లెక్కపెట్టే కాలమ్) సరిపోతుందనుకుంటున్నా.

ఒక మాట మాత్రం మెసేజి పెట్టే చోట పైనే రాసేశాను: "యాప్ కట్టినావిడకి టేబుల్లో అన్నీ కనిపిస్తాయి." అది చూసి పిన్నిగారు ఫోన్ చేసి, అట్ట సంగతి చదివావా అమ్మా అని అడిగారు.