కుడి పక్క సెర్చ్‌లైటు

పెన్సిల్వేనియాలో నేను చేసే ఉద్యోగాన్ని మా విజయవాడ పటమటలో ఒక్క ముక్కలో తేల్చేశారు: పాత ఇనప కొట్లో పని. పూర్తిగా తప్పని అనలేను. పాతకాలపు కార్ల సామాన్లు కొని అమ్మే షాపు మాది. ఎవరో పెద్దాయన జీవితమంతా గ్యారేజీ నిండా పోగేసుకుంటాడు. ఆయన పోయాక అవేమిటో పిల్లలకి తెలియదు. మా ఓనరు వెళ్లి మొత్తం ఒకే ధరకి మాట్లాడుకుని లారీలో వేసుకొస్తాడు. ఆ పెట్టెలు విప్పి, ఏది ఏ కారుదో తేల్చి, కొలతలు తీసుకుని, ఫొటో తీసి, ధర రాయడం నా పని. అందులోనూ సెర్చ్‌లైట్లు నా వాటా. అంటే హెడ్‌లైట్లు కాదు. ముందు అద్దం పక్కనుండే స్తంభానికి చిల్లు వేసి బిగిస్తారు చూడండి, లోపల కూర్చుని పిడి తిప్పితే వెలుగు ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, అవి.

బీటెక్‌లో ఈఈఈ చేసి ఇదేం పనమ్మా అని మా అత్తయ్యలు బాధపడ్డారు. మా ఆయన వీసా మీద డిపెండెంటుగా వెళ్లిన నాకు ముందు పని చేసే హక్కే లేదు. భర్త గ్రీన్‌కార్డు పని ఒక దశ దాటితే భార్యకి వర్క్ పర్మిట్ ఇచ్చే పద్ధతి 2015లో మొదలైంది. నాకది చేతికొచ్చేసరికి చదువుకీ ఉద్యోగానికీ మధ్య పెద్ద ఖాళీ పడిపోయింది. సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల్లో ఆ ఖాళీ గురించే అడిగేవాళ్లు. ఈ షాపులో మాత్రం ఓనరు ఒక పాత బల్బు చేతిలో పెట్టి, దీని మీద నంబరు చెరిగిపోయింది, ఎన్ని వోల్టులో చెప్పమన్నాడు. ఫిలమెంటు లావు చూసి ఆరు అన్నాను. మా నాన్నకి ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రికల్ షాపు. డైనమోలు, సెల్ఫ్ మోటార్లు విప్పిన బల్లల మధ్య పెరిగినదాన్ని, ఆ మాత్రం తెలియకపోతే నాన్న ఊరుకోడు.

ఈ దీపాల్లో పెద్ద పేర్లు చాలావరకు చికాగోవే. యూనిటీ కంపెనీ 1918లో అక్కడే మొదలైంది, పోలీసు కార్ల సెర్చ్‌లైట్లకి దానిదే పేరు. యాపిల్టన్ కూడా చికాగోదే. యాపిల్టన్ 112 అనే మోడల్‌కి ఉన్న గిరాకీ చూస్తే మొదట్లో నాకు నవ్వొచ్చేది. 1950ల్లో కుర్రాళ్లు మెర్క్యురీ కార్ల పైకప్పు కోసి కిందికి దించి, రంగులు వేయించి, రెండు పక్కలా ఈ 112లు బిగించుకునేవాళ్లు. ఆ కుర్రాళ్లే ముసలివాళ్లయి ఇప్పుడు డబ్బు పట్టుకుని వస్తున్నారు. అసలు జత బాగుంటే వెయ్యి డాలర్లు దాటడం మామూలే. తమాషా ఏమిటంటే, అప్పట్లోనే వైరూ బల్బూ లేని ఉత్తుత్తి దీపాలు కూడా అమ్మారు, చూపులకే. వాటికీ ఇప్పుడు ధర ఉంది! ఇంకా ఖరీదైన మెట్టు మీద పైలట్ రే ఉంటుంది. స్టీరింగు తిప్పితే దాంతోపాటే తిరిగే దీపం, డ్యూసెన్‌బర్గ్, ప్యాకార్డ్ లాంటి కార్లకి పెట్టుకునేవారు. అది మా షాపుకి వచ్చిన రోజు ఓనరు నన్ను తాకనివ్వలేదు, తనే తుడిచాడు.

ధర కట్టడం అనేసరికి మనవాళ్లు వయసు అడుగుతారు. ఎన్నేళ్ల నాటిది? వయసుతో పనే లేదనను గానీ, నేను ముందు చూసేది బ్రాకెట్. దీపాన్ని కారుకి పట్టి ఉంచే ఆ చిన్న ముక్క ఒక్కో కంపెనీకి, ఒక్కో మోడల్‌కి, ఎడమకి, కుడికి వేరు. స్తంభం వాలు మారితే బ్రాకెట్ మారుతుంది. కారు తుక్కుకి పోయేటప్పుడు దీపం పీకి దాచుకున్నవాళ్లు చాలామందే, బ్రాకెట్ విప్పే ఓపిక పట్టినవాళ్లు తక్కువ. అందుకని దీపాలు బుట్టలకొద్దీ దొరుకుతాయి, వాటికి సరిపోయే బ్రాకెట్ కోసం జనం ఏళ్ల తరబడి వెతుక్కుంటారు.

తర్వాత పూత. కార్లకి క్రోమ్ పూత 1920ల చివర్లో గానీ వాడుకలోకి రాలేదు. అంతకుముందంతా నికెల్. నికెల్ కాస్త పసుపు వైపుంటుంది, క్రోమ్ నీలంగా మెరుస్తుంది. 1922 నాటిదని చెప్పిన దీపం నీలంగా తళతళలాడుతుంటే మధ్యలో ఎవరో క్రోమ్ పూత వేయించారన్నమాట. స్క్రూలూ అంతే. మన మెకానిక్కులు స్టార్ స్క్రూ అనేది కార్లలోకి 1936లో క్యాడిలాక్‌తో వచ్చింది. అంతకుముందు కాలపు దీపానికి అది కనిపిస్తే ఎవరో విప్పి మళ్లీ బిగించారు. వెనక రేకు మీద పేటెంట్ తేదీ ఉంటుంది. దాన్ని తయారైన ఏడాది అనుకుని చాలామంది మోసపోతారు. ఆ తేదీ తర్వాత ఎప్పుడైనా చేసి ఉండవచ్చు, అంతవరకే. ఇక లోపలి వెండి పూత రిఫ్లెక్టర్ నల్లబడితే ధర తగ్గుతుంది. గుడ్డ పెట్టి గట్టిగా రుద్దితే పూత కూడా పోతుంది, ఇంకా తగ్గుతుంది.

ఏటా అక్టోబరులో హెర్షీ అనే ఊళ్లో పాత కార్లవాళ్ల సంత జరుగుతుంది, 1955 నుంచీ. చాక్లెట్ కంపెనీ ఊరు అది. తెల్లారకముందే చలిలో బల్లలు పరిచి సామాను సర్దాలి. చీర కట్టే ఊరు నుంచి వచ్చి మూడు పొరల కోట్లలో నిలబడటం ఒక ఎత్తు, కొనేవాళ్లు నా వైపు చూడకుండా పక్కనున్న మా ఓనర్ని అడగడం ఇంకో ఎత్తు. ఆయన వేలితో నన్ను చూపించి టీ తాగడానికి వెళ్లిపోతాడు. ఇండియా నుంచి వచ్చానంటే చాలామంది మహారాజుల కార్ల గురించి ఎత్తుకుంటారు. కోటా మహారాజు ఉమేద్ సింగ్ పులుల వేటకని 1925లో సెర్చ్‌లైట్లతో చేయించుకున్న రోల్స్ రాయిస్ వాళ్లకి కంఠతా వచ్చు. నేను విజయవాడ లారీల ఊరిదాన్ని, మా దగ్గర పులులు దసరా వేషాలకే వస్తాయని చెప్పినా వినరు.

మొన్నామధ్య నా పర్మిట్ రెన్యువల్ ఆలస్యమైంది. పాతది అయిపోయింది, కొత్తది రాలేదు. పని చేయకూడదు, జీతం లేదు, వెబ్‌సైట్ తెరవడం, మూయడం, అదొక టెన్షన్. షాపులో నా బల్ల అలాగే ఉంచుతామన్నారు. ఇంట్లో కూర్చుని గోళ్లు కొరుక్కునే బదులు విజయవాడ వచ్చేశాను.

వచ్చానని తెలిసి నాన్న స్నేహితుడు, మేం బాబాయ్ అని పిలిచే ఆయన, కంకిపాడు నుంచి గోనెసంచిలో ఒక దీపం తెచ్చాడు. వాళ్ల నాన్నగారి ప్లిమత్ కారుది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు క్రైస్లర్ లైసెన్సు మీద బిగించి అమ్మిన కాలం నాటి కారు, రైస్‌మిల్లు షెడ్డులో పడి ఉంది.

"అమ్మాయ్, దీనికి మీ అమెరికాలో ఎంతొస్తుంది? బఫింగ్‌కి ఇద్దామని పక్క షాపులో మాట్లాడాను. అద్దంలా చేసిస్తానన్నాడు."

"ఆగండి బాబాయ్, ఎవరికీ ఇవ్వకండి," అన్నాను.

నాన్నకి నచ్చలేదు. "మెరవని లైటు ఎవడు కొంటాడే?"

"ఇలా ఉన్నదే కొంటారు నాన్నా. పూత పలచబడినా అసలుదే ఉంది. బఫింగ్ చక్రం మీద పెడితే అంచుల దగ్గర ఇత్తడి తేలిపోతుంది, అక్షరాలు అరిగిపోతాయి."

"పాడైన దాన్ని పాడైనట్టే ఉంచితే ఎక్కువ డబ్బులిస్తారా! మరి మేమిక్కడ ఎందుకు బతుకుతున్నాం?"

ఆ మాటకి జవాబు నా దగ్గర లేదు. నిజం చెప్పాలంటే సగం నాన్న వైపే ఉన్నాను. ఆటోనగర్‌లో వస్తువు పని చేసి తీరాలి. రాత్రికి లారీ రోడ్డెక్కాలి, లేకపోతే ఓనరుకి కిరాయి పోతుంది. దొరకని భాగాన్ని లేత్ మీద తిప్పి చేసేస్తారు. అమెరికాలో నా దగ్గర కొనేవాళ్లలో ఎంతమంది ఆ దీపం వెలిగించి చూస్తారో నాకు అనుమానమే. అల్మరాలో పెట్టుకుంటారు. ముట్టుకోనందుకు డబ్బిచ్చే లోకం ఒకటుందని నాన్నకి నమ్మకంగా చెప్పాలంటే నాకే నోరు రాదు.

దీపాన్ని తిప్పి చూశాక మాత్రం నా గొంతు మారింది. బ్రాకెట్ ఉంది, కింద పోత నంబరు చెక్కుచెదరలేదు. అది కుడి పక్క బ్రాకెట్. అమెరికాలో డ్రైవరు ఎడమ పక్క కూర్చుంటాడు కాబట్టి ఒకటే దీపం పెట్టించినవాళ్లు ఎడమకి పెట్టించారు. ఇప్పుడు జత కుదుర్చుకోవాలనుకునేవాళ్లు కుడిదాని కోసం తిరుగుతున్నారు. మన దగ్గర డ్రైవరు కుడి పక్క. కాబట్టి బాబాయ్ వాళ్ల నాన్నగారు మామూలుగా పెట్టించుకున్న దీపమే వాళ్లకి అరుదైన సరుకు. ఒంటిగా నేనైతే నూట యాభై డాలర్లు రాస్తాను, జత వెతుక్కునేవాడు దొరికితే రెట్టింపు అడుగుతానని చెప్పాను. బాబాయ్ రూపాయల్లో లెక్కేసుకున్నాడు. కొరియర్ ఖర్చు తీసేసి మళ్లీ లెక్కేసుకున్నాడు.

"కారు లేకుండా దీన్నొక్కదాన్నీ అమ్మితే ఏం మిగులుతుందిలే," అన్నాడు చివరికి.

ఆయన మనసులో వేరే ఆలోచన ఉంది. యాభై ఏళ్లు దాటిన కార్లకి 2021 నుంచి వీఏ అనే అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు. కొత్తగా చేయించుకుంటే ఫీజు ఇరవై వేలు. కారు లేపి ఆ నంబరు వేయించుకోవాలని ఆయన కోరిక. నాన్న మొహంలో అప్పుడు వెలుగొచ్చింది. వైరింగు అంతా తనే చేస్తానన్నాడు. అది ఆరు వోల్టుల బండి, పైగా పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొసని బాడీకి కలుపుతారు, ఎవడో తెలియనివాడు పన్నెండు వోల్టుల బ్యాటరీ తగిలిస్తే బల్బు క్షణంలో పోతుందని బాబాయ్‌కి అక్కడే క్లాసు పీకాడు. ఆరు వోల్టులకి కరెంటు రెట్టింపు లాగుతుంది, సన్నవైరు వేస్తే వేడెక్కుతుంది, మందం వైరే వేయాలని నేనూ అందుకున్నాను. నాన్న నా వైపు చూసి, అది కూడా నీ దగ్గరే నేర్చుకోవాలా అన్నట్టు నవ్వాడు.

దీపానికి లోపలి పిడి మీద తొడుగు విరిగిపోయి ఉంది. లేత్ మీద నల్ల నైలాన్ కడ్డీ తిప్పి సాయంత్రానికల్లా చేయించేస్తానన్నాడు నాన్న. సరేనన్నాను గానీ ఒక షరతు పెట్టాను: తొడుగు లోపలి వైపు ఈ ఏడాది అంకెలు పంచ్‌తో కొట్టించాలి. రేపు ఎవరైనా దాన్ని అసలుదని అమ్మకూడదు. లేత్ కుర్రాడు ఆ అంకెలు ఎందుకని అడిగితే, "అమెరికా రూలు" అన్నాడు నాన్న.