శనక్కాయ వేరు లోపలి గులాబీ రంగు

పోయిన ఖరీఫ్‌లో ఒకరోజు పొద్దున్నే నాయన ఫోన్ చేసినాడు. "పాపా, మిట్ట చేన్లో శనక్కాయ ఆకు పసుప్పచ్చగా తిరుక్కుంటాంది. వంక పక్క చేను మాత్రం నల్లగా బాగుంది. యూరియా చల్లేదా?"

రెండు చేన్లలోనూ వేసింది కదిరి-6 విత్తనమే, గొర్రు పట్టింది కూడా ఒకే వారంలో. అప్పటికి యాభై రోజుల పైరు. వాన మొహం చాటేసి మూడు వారాలైంది. నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు బోటనీ చెప్తాను. యూరియా సంగతి తర్వాత, ముందు వేరు చూడాలి అనిపించింది. ఆదివారం ఊరికి పోయినాను.

శనక్కాయ వేరు మీద బుడిపెలుంటాయి, వాటి లోపలి బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు ఇస్తుంది. చెట్టును చేత్తో పీకితే ఆ బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. అందుకే పారతో చుట్టూ తవ్వి, పెళ్ళతో సహా ఎత్తి, బకెట్ నీళ్ళలో గంటసేపు నానబెట్టినాము. ఎర్రమన్ను కరిగి కిందికి దిగింతర్వాత వేర్లు కనబడినాయి. వాటి మీద ఆవగింజంత బుడిపెలు, కొన్ని సజ్జగింజంత. నాయన చూసి, "ఇవి పురుగు గంట్లు కాదా?" అన్నాడు. నులిపురుగు పడితే వేరు తానే ఉబ్బుతుంది, గిల్లినా ఊడదు. ఇవి వేరు పక్కన అంటుకుని ఉంటాయి, గోటితో గీకితే వచ్చేస్తాయి. అవి కూడా పక్కవేరు పుట్టే మూలలోనే వరుసగా ఉన్నాయి. చాలా పప్పుజాతి మొక్కల్లో బ్యాక్టీరియా వేరు నూగు గుండా దారి చేసుకుని పోతుంది. శనక్కాయలో మాత్రం పక్కవేరు చీల్చుకుని బయటికి వచ్చేచోట పడే సందులోంచి దూరుతుంది. పుస్తకంలో పది సార్లు చదివిన మాటే. తడి వేరు చేతిలో పట్టుకుని ఆ మూలలు చూసేసరికి అది నాదైంది.

రెండు చేన్ల వేర్లను తడిగుడ్డలో చుట్టుకుని కాలేజీకి తెచ్చినాను. అక్కడి మైక్రోస్కోపులు కొన్ని లెన్సుకు బూజు పట్టి ఉన్నాయి. మంచిది ఒకటి దొరికేసరికి మధ్యాహ్నమైంది.

బుడిపె చిన్నది, మెత్తనిది. వేళ్ళతో పట్టుకుని కోస్తే నలిగిపోతుంది. క్యారెట్ ముక్కకు గాటు పెట్టి, అందులో బుడిపెను ఇరికించి, కొత్త బ్లేడును నీళ్ళలో తడుపుకుంటూ ఒకే లాగుడుతో కోయాలి. బ్లేడును ముందుకూ వెనక్కూ ఆడిస్తే కణాలు చిరుగుతాయి. ఇరవై ముక్కలు కోస్తే పనికొచ్చేవి రెండు. వాటిలో ఒకదాన్ని టొలుయిడిన్ బ్లూ అనే నీలం రంగు ద్రావణంలో అర నిమిషం ఉంచి, కడిగి, గ్లిజరిన్ చుక్కలో పెట్టి కవర్ స్లిప్ వేసినాను.

నలభై రెట్ల ఆబ్జెక్టివ్‌లో అది చూసి కాసేపు కదల్లేకపోయినాను. చుట్టూ బెరడు కణాలు పలచగా, ఖాళీగా. మధ్యలో నిండు కుండల మాదిరి కణాలు, ఒకదాన్ని ఒకటి ఒరుసుకుని, ముదురు నీలంలో కిక్కిరిసి. సోయా బుడిపెలో అయితే నిండిన కణాల మధ్య ఖాళీవి కూడా కనిపిస్తాయి. శనక్కాయలో మధ్యభాగమంతా బ్యాక్టీరియా నిండినవే. స్టేజ్ మైక్రోమీటర్‌తో, అంటే సన్నని కొలత గీతలున్న స్లైడుతో సరిచూసి ఒక కణాన్ని కొలిస్తే దాదాపు 40 మైక్రోమీటర్లు వచ్చింది. మన తలవెంట్రుక మందంలో రమారమి సగం. 1888లో బైయరింక్ అనే డచ్ శాస్త్రవేత్త బుడిపెల్లోంచి బయటికి తీసి పెంచి చూపించింది ఈ జీవులనే. మామూలుగా కడ్డీ ఆకారంలో ఉండేవి శనక్కాయ కణంలోకి చేరాక ఉబ్బి గుండ్రంగా మారతాయి. ఆయిల్ ఇమ్మర్షన్‌లో, అంటే స్లైడు మీద నూనె చుక్క వేసి ఇంకా పెద్దగా చూపే లెన్సులో, ఆ గుండ్రని ముద్దలు రవ్వ మాదిరి కనబడినాయి.

ఫోన్‌ను ఐపీస్‌కు ఆనించి ఫోటో తీసినాను. చాలా అందంగా వచ్చింది. అయితే మిట్ట చేను బుడిపె, వంక చేను బుడిపె రెండూ ఫోటోలో ఒకే నీలం. నాయన అడిగినదానికి అందులో జవాబు లేదు. ఆ నీలం నేను పూసిన రంగు. పేరున్న పత్రికల్లో మనం చూసే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బొమ్మల్లో ఎరుపూ పచ్చా కూడా తర్వాత పూసినవే, ఎలక్ట్రాన్లకు రంగు లేదు. ఆ రంగులు భాగాలను విడదీసి చూపిస్తాయి, అందుకు అవి కావాలి. నాకు కావలసింది మాత్రం మొక్క సొంత రంగు.

బుడిపె పనిచేస్తుంటే లోపల గులాబీ రంగులో ఉంటుంది. అది లెగ్‌హిమోగ్లోబిన్. మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌కు చుట్టం. 1939లో జపాన్ శాస్త్రవేత్త కుబో ఈ ఎర్రని పదార్థం హిమోగ్లోబినే అని తేల్చినాడు. గాలిలోని నత్రజనిని పట్టే ఎంజైమును ఆక్సిజన్ చెడగొడుతుంది, కానీ బ్యాక్టీరియాకు ఊపిరికి ఆక్సిజన్ కావాలి. ఈ ఎర్ర ప్రోటీన్ ఆక్సిజన్‌ను చేతిలో పట్టుకుని కొలిచి కొలిచి అందిస్తుంది.

రంగు వేయకుండా మళ్ళీ కోసినాను. కంటికి లేత గులాబీ స్పష్టంగా ఉంది, ఫోన్‌లో మాత్రం మురికి తెలుపు. తెలుపును తనంతట తాను సరిచేసే సెట్టింగు గులాబీని తినేస్తోంది. దాన్ని ఆపి, ఖాళీ స్లైడు మీద వెలుగు సరిచూసుకుని బిగించేలోపు ముక్క గోధుమ రంగుకు తిరిగిపోయింది. కోసిన ముక్క గాలి తగిలితే నిలవదు. ఇంకోసారి అన్నీ ముందే సిద్ధం చేసుకుని, కోసిన నిమిషంలోపే తీసినాను. వంక చేను బుడిపె గులాబీ. మిట్ట చేనుది పాలిపోయి, నడుమ ఆకుపచ్చ. లోపలి ఎరుపు విరిగిపోతే మిగిలే రంగు అది.

ఆకు పసుపెక్కడానికి ఇనుము లోపం కూడా కారణం కావచ్చు. కానీ అప్పుడు లేతాకు ముందు పాలిపోయి ఈనెలు పచ్చగా నిలుస్తాయి. మా మిట్ట చేన్లో కింది ముదురాకులు ముందు తిరిగినాయి, అది నత్రజని కొరత గుర్తు. తేమ లేక బుడిపెలు పని ఆపేసినాయి. ఎండిన నేలలో యూరియా వేసినా వేరుకు అందదు, పైగా నేలలో నత్రజని ఎక్కువైతే మొక్క కొత్త బుడిపెలు కట్టడమే తగ్గించుకుంటుంది.

రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి నాయనకు చూపించినాను. చాలాసేపు చూసినాడు. "నెత్తురు మాదిరే ఉందే" అన్నాడు. యూరియా మూట విప్పలేదు. పది రోజులకు వాన పడింది.

ఈ ఏడు విత్తనానికి రైజోబియం, అంటే ఈ బుడిపెల బ్యాక్టీరియా ఉన్న పొడిని బెల్లం నీళ్ళలో కలిపి పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తినాడు. నలభయ్యో రోజు ఫోన్ చేసినాడు. మిట్ట చేన్లోనే నిలబడి ఉన్నాడు.

"గోటితో చిదిమి చూస్తి పాపా. ఎర్రగా ఉంది."