ముందు సైటు మీద రంగు చుక్క

ప్రతి సంవత్సరం దసరాకు ముందు వారంలో ఒక మధ్యాహ్నం పూర్తిగా మా ఇంటి రివాల్వరు కోసం కేటాయిస్తాను. మా నాయన సైన్యంలో పని చేసి నల్లగొండకు తిరిగి వచ్చిన తరువాత లైసెన్సు తీసుకొని కొనుక్కున్న ఆరు గుళ్ల .32 రివాల్వరు అది. కాన్పూరులోని ప్రభుత్వ కర్మాగారంలో తయారైనది. ఆయన పోయిన తరువాత లైసెన్సు నా పేరున మారింది. కాబట్టి దానిని తీయడం, తుడవడం, తిరిగి బీరువాలో పెట్టి తాళం వేయడం అన్నీ నేనే చేస్తాను, ఇంట్లో మరెవరి చేతికీ ఇవ్వను.

దసరానాడు ఆయుధ పూజ ఉంటుంది కనుక ఆ సమయం ఎంచుకున్నానని చాలామంది అనుకుంటారు. అది నిజమే కానీ, అసలు కారణం వానాకాలం. మా జిల్లాలో ఎండాకాలం గాలి ఎంత పొడిగా ఉంటుందో, జూలై నుండి సెప్టెంబరు వరకు బీరువాలోని బట్టలకు కూడా అంత చెమ్మ పడుతుంది. జంగు పట్టేది ఆ మూడు నెలలలోనే. పూజలో ఇనుము మీద నేరుగా తడి పసుపు, కుంకుమ పెట్టడం కూడా మంచిది కాదు. ఒకసారి అమ్మ భక్తితో బ్యారెల్ మీద పెట్టిన బొట్టును నేను మరునాటి వరకు తుడవలేదు, ఆ చుక్క ఉన్న చోట నల్లపూత కింద నుండి ఎర్రటి మచ్చ లేచింది. అప్పటి నుండి బొట్టు చెక్కపెట్టె మీదనే పెడుతున్నాము.

అంతకంటే పెద్ద నష్టం 2023లో జరిగింది. అక్టోబరు 9న శాసనసభ ఎన్నికల కోడ్ అమలులోకి వచ్చింది, లైసెన్సు ఆయుధాలు ఠాణాలో జమ చేయమన్నారు. నేను రివాల్వరును తోలు ఒరలోనే పెట్టి ఇచ్చాను. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది, తోలును పదును చేసేటప్పుడు వాడిన లవణాలు ఉక్కును తింటాయి; ఈ సంగతి తెలిసి కూడా అలా ఇవ్వడం నా తప్పు. డిసెంబరులో తిరిగి తెచ్చుకొని చూస్తే, ఒర అంచు తగిలిన చోటంతా సన్నని జంగు గీత ఉన్నది, గురి చూడడానికి బ్యారెల్ కొన మీద ఉండే ముందు సైటుకు నేను వేసుకున్న రంగు పొట్టులా ఊడి వచ్చింది. మరుసటి మార్చిలో లోక్‌సభ ఎన్నికలకు మళ్లీ జమ చేయవలసి వచ్చినప్పుడు, నూనె రాసిన పొడి నూలుగుడ్డలో చుట్టి ఇచ్చాను, ఈసారి చెక్కు చెదరకుండా వచ్చింది.

పని మొదలుపెట్టే ముందు రివాల్వరు తెరిచి గుళ్లు తీస్తాను, సిలిండరులో గుళ్లు కూర్చునే ఆరు గదులను కంటితో చూసి, ఒక్కొక్క దానిలో చిటికెన వేలి కొన పెట్టి తడిమి చూస్తాను. గుళ్లను వేరే గదిలో పెట్టి తలుపు వేసిన తరువాతే బల్ల ముందు కూర్చుంటాను. నాయన ఇది చేయకుండా గుడ్డ ముక్క కూడా ముట్టుకొనేవారు కాదు. "ఖాళీ తుపాకి అనేది లేదు బిడ్డా, నువ్వు చూసిన తుపాకి, చూడని తుపాకి, ఈ రెండే ఉంటయి" అనేవారు.

బ్యారెల్ లోపల మసి మెత్తబడడానికి సాల్వెంటు తడిపిన గుడ్డను ముందు ఒకసారి పంపి, పది నిమిషాలు ఆగి, కంచు తీగల బ్రష్ తిప్పి, ఆ తరువాత తెల్లని ఫ్లానెల్ ముక్కలు తెల్లగానే బయటికి వచ్చే వరకు తోస్తాను. సైన్యంలో ఈ ముక్కలను చిందీలు అంటారు. నోటి వైపు నుండి కడ్డీ పెట్టేటప్పుడు అంచుకు రాసుకోకుండా వేళ్లతో పట్టి నడపాలి, ఎందుకంటే గుండు చివరగా వదిలేది ఆ అంచునే. సిలిండరు వెనుక నక్షత్రంలా ఉండి, గుళ్లను బయటికి తోసే ఎజెక్టరు కింద పేరుకునే మసిని మాత్రం చాలామంది మరచిపోతారు. గింజంత మసి మిగిలినా ఆ నక్షత్రం పూర్తిగా దిగదు, సిలిండరు బిగుసుకొని తిరుగుతుంది. పాత పళ్ల బ్రష్‌తో అక్కడ రుద్దుతాను. చివరగా తుపాకి నూనె పలుచగా, వేలిముద్ర కనిపించనంత పలుచగా రాస్తాను. ఎక్కువైతే మా ఊరి ఎర్రదుమ్ము అంటుకుంటుంది, గదులలోకి దిగితే గుళ్లను కూడా పాడు చేయవచ్చు. పని అయిన తరువాత చేతులు చల్లని నీటితో, సబ్బుతో కడుగుకోవాలి, ఆ మసిలో సీసం ఉంటుంది.

ఇక రంగు. నాకు చత్వారం వచ్చిన తరువాతనే దీని అవసరం తెలిసింది. కన్ను ఒకేసారి ఒక్క దూరాన్నే స్పష్టంగా చూడగలదు. గురి చూసేటప్పుడు స్పష్టంగా ఉండవలసినది ముందు సైటే, వెనుక సైటు గాడి, లక్ష్యం కొంత మసకగా ఉన్నా ఫరవాలేదు. నల్లటి సైటు నల్లటి గాడిలో నాకు కలిసిపోయేది. అందుకే ముందు సైటు వెనుక ముఖానికి నారింజ రంగు వేస్తాను, వెనుక గాడిని నల్లగానే వదిలేస్తాను.

నాలుగు సంవత్సరాలు ఈ రంగు నిలవకపోవడానికి కారణం నేను రంగులో వెతికాను, కానీ అది నూనెలో ఉన్నది. తుపాకి మొత్తాన్ని కాపాడే నూనే, ఆ గోరంత చోట రంగుకు శత్రువు. ఇప్పుడు తుడవడం పూర్తయ్యాక, పిడికి గుడ్డ చుట్టి, దూదిపుల్లను అసిటోనులో ముంచి పాత రంగును, జిడ్డును రెండుసార్లు తీస్తాను, ఆ తరువాత అక్కడ వేలు పెట్టను. ముందు తెల్ల ఎనామెల్ ఒక పలుచని పూత, అది ఒక రాత్రి ఆరాక నారింజ పూత. మెరిసే నారింజ రంగు వెలుతురును పాక్షికంగా లోపలికి పోనిస్తుంది, అందువలన నల్ల ఉక్కు మీద వేస్తే ఇటుకపొడిలా మాసిపోతుంది, తెలుపు మీద వేస్తేనే మెరుస్తుంది. బ్రష్ కాదు, కొన చెక్కిన చీపురుపుల్ల వాడుతాను, ఒక్క బొట్టు దాని కొన నుండి సైటు మీదికి తానే జారుతుంది.

రంగు సైటు పై అంచును దాటకూడదు. అంచు ఎత్తు పెరిగితే గుండు కిందికి పడుతుంది. రెండు సైట్ల మధ్య 10 సెంటీమీటర్లు ఉన్నాయనుకుంటే, కాలు మిల్లీమీటరు రంగు 10 మీటర్ల దూరంలో 25 మిల్లీమీటర్ల తేడా తెస్తుంది. జంగు గీకే కాగితం నంబరు చెక్కిన చోటికి పోకుండా కూడా చూసుకుంటాను; గుర్తింపు నంబరు చెరపడం 1959 ఆయుధ చట్టం ప్రకారం నేరం.

మొన్న వేసిన పూత ఆరిన తరువాత, దీపం పెట్టే వేళకు లైటు వేయకుండా గోడ వైపు పట్టి చూశాను. గాడి మధ్యలో నారింజ చుక్క ఒక్కటే నిలబడి కనిపించింది. గుళ్లను లైసెన్సు పుస్తకంతో సరిచూసి లెక్కపెట్టి, బీరువా తాళం వేశాను.