బ్లాగు వదిలి ఫేస్‌బుక్‌కు

నల్లగొండలో నాకు తెలిసిన బ్లాగర్లలో చాలామంది ఇప్పుడు ఫేస్‌బుక్‌లోనే రాస్తున్నారు. తెలుగు రాసే ఉపకరణం లేఖినిలో టైపు చేసి, తెలుగు బ్లాగుల కొత్త టపాలను ఒకచోట చూపే కూడలిలో మన టపా కనబడితే చాలునని మురిసిన రోజుల్లో పాఠకుడు మన దాకా రావడానికి ఒక దారి ఉండేది. 2013 జులైలో, నచ్చిన బ్లాగుల కొత్త రాతలను ఒకేచోట చదువుకోనిచ్చే గూగుల్ రీడర్ మూతపడటంతోనూ, కూడలిలాంటి సంకలినులు చల్లబడటంతోనూ ఆ దారి సన్నగిల్లింది. 2016లో జియో వచ్చాక చదువరులు ఫోన్‌కే అలవాటుపడ్డారు.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయ గర్భగుడిలో పగలంతా నిలిచే నీడ గురించి బ్లాగులో రాస్తే ఎప్పటికో ఒక వ్యాఖ్య వస్తుంది. అదే ఫొటోతో ఫేస్‌బుక్‌లో పెడితే సాయంత్రానికల్లా చుట్టాలు, చిన్ననాటి స్నేహితులు పలకరిస్తారు. ఆ పలకరింపుకు మెత్తబడినవారిని నేను తప్పుపట్టను. అయితే ఆ నీడ ఎలా పడుతుందన్న వివరాన్ని ఏడాది తర్వాత వెతకాలంటే అక్కడ రాసినవారికే దొరకదు. అందుకే పొడవైనవి ఇక్కడే రాసి, లింకు మాత్రం అక్కడ పెడుతున్నాను.