ఓవర్‌డ్రైవ్, ఫజ్ పెడల్స్: టోన్ వేట చిట్టా

పోల్చే పద్ధతి

ఓవర్‌డ్రైవ్, ఫజ్ అంటే గిటార్‌కూ యాంప్‌కూ (యాంప్లిఫయర్‌కు) నడుమ పెట్టి సౌండ్‌ను గరగరలాడించే కాలి డబ్బాలు, అంటే పెడల్స్. అలాంటివి రెండు పక్కపక్కన పెట్టి వింటే కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపిస్తుంది. చెవి బోల్తా పడడానికి ఒక్క డెసిబెల్ తేడా చాలు. అందుకని ముందు లెవెల్స్ సమం చేయాలి, తీర్పు ఆ తర్వాతే. దీనికి పీక్ మీటర్ పనికిరాదు. క్లిప్ అయిన (పరిమితి దాటి కోతపడిన) సిగ్నల్‌కు తలలు తెగిపోయి ఉంటాయి కాబట్టి పీక్ తక్కువ చూపిస్తూనే చెవికి మాత్రం గట్టిగా వినిపిస్తుంది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉండే ఎల్‌యూఎఫ్‌ఎస్ మీటర్ (చెవికి తెలిసే గట్టితనాన్ని కొలిచేది) పెట్టుకుని, ఒకే ఫ్రేజ్‌ను 20 సెకన్లు వాయించి, తేడా సగం డెసిబెల్ లోపుకు వచ్చేదాకా పెడల్ వాల్యూమ్ సర్దితే సరిపోతుంది.

పరీక్షకు 6 కిలో ఓముల సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే ఒంటి చుట్ట) ఉన్న గిటార్ ఒకటి, 8 కిలో ఓముల హంబకర్ (జంట చుట్టల పికప్) గిటార్ ఒకటి. యాంప్ రెండు సెట్టింగుల్లో: పూర్తి క్లీన్ ఒకటి, గట్టిగా మీటితే గరగర మొదలయ్యేది మరొకటి. ఈ రెండోది లేకుండా ఓవర్‌డ్రైవ్ పెడల్‌ను తీసిపారేయడం అన్యాయం. అలా సగం మరిగిన ట్యూబ్ యాంప్‌ను ఇంకాస్త ముందుకు తోసినప్పుడే చాలా ఓవర్‌డ్రైవ్‌ల అసలు పనితనం బయటపడుతుంది.

నాబ్ స్థానాలన్నీ గడియారం లెక్కలో రాసినవి. 7 గంటలంటే పూర్తిగా తగ్గించినట్టు, 5 గంటలంటే పూర్తిగా పెంచినట్టు.

ఫ్రేజ్‌ను లూపర్‌లో (వాయించినదాన్ని రికార్డు చేసి తిప్పి వినిపించే పెడల్‌లో) ఎక్కించి పదేపదే తిప్పుతూ నాబ్‌లు సర్దడం సుఖంగా ఉంటుంది. వాయించే చెయ్యి మారదు కాబట్టి పోలిక నమ్మకంగానూ ఉంటుంది. అయితే ఫజ్ ఫేస్ దగ్గర మాత్రం ఇదే పద్ధతి నిలువునా మోసం చేస్తుంది. ఆ సంగతి దాని వంతు వచ్చినప్పుడు.

ట్యూబ్ స్క్రీమర్ రకం

ఐబనేజ్ టీఎస్ 808 వచ్చింది 1979లో, టీఎస్ 9 వచ్చింది 1982లో. ఈ రెంటి మధ్య తేడా గురించి జరిగే వాదనలు వింటే రెండూ వేరే జాతులేమో అనిపిస్తుంది. సర్క్యూట్లో చూస్తే చెప్పుకోదగ్గ మార్పు చివర ఉన్న రెండు రెసిస్టర్లలోనే: 808లో 100 ఓములు, 10 కిలో ఓములు; 9లో 470 ఓములు, 100 కిలో ఓములు. లెవెల్ సమం చేశాక ఆ తేడా పట్టుకోవడం కష్టం. ఆ రెంటినీ మార్చి డబ్బూ సమయమూ ఖర్చు చేయడం కన్నా కింద చెప్పిన కెపాసిటర్ మీద చెయ్యి పెట్టడం మేలు.

ఈ పెడల్ గుణమంతా క్లిప్పింగ్ దశలో గ్రౌండ్ వైపు ఉన్న 4.7 కిలో ఓమ్ రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ జంటలో ఉంది. ఆ రెండూ కలిసి 720 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తాయి. దానికి పైనున్నదానికి పూర్తి గెయిన్ (సిగ్నల్ పెరిగే రెట్లు) దక్కుతుంది, కిందికి వెళ్లేకొద్దీ గెయిన్ తగ్గిపోతుంది. అంటే లావు తీగల బేస్ దాదాపు క్లిప్ కాకుండానే దాటిపోతుంది. మధ్యస్థాయి ముందుకు పొడుచుకొస్తుంది. బ్యాండ్‌లో వాయిస్తుంటే గిటార్ తేలిగ్గా వినబడడానికి, గదిలో ఒంటరిగా వాయిస్తే సన్నగా, ముక్కుతో పాడినట్టు అనిపించడానికి ముఖ్య కారణం ఇదే.

0.047 తీసి 0.068 పెడితే గీత సుమారు 500 హెర్ట్జ్‌కు దిగుతుంది. 0.1 పెడితే 340కి. సింగిల్ కాయిల్‌కు 0.1 చక్కగా నప్పింది. అదే హంబకర్‌తో, డ్రైవ్ 1 గంట దాటితే కింది రెండు తీగల కార్డ్ ముద్దయిపోయింది. 0.068 రెంటికీ మధ్యేమార్గం.

గెయిన్ 12 రెట్ల నుంచి సుమారు 118 రెట్ల దాకా పోతుంది. డ్రైవ్ 7 గంటల దగ్గర పెట్టినా 12 రెట్లు ఉంటుందన్నది మరిచిపోతాం. ఇందులో నిజమైన క్లీన్ సెట్టింగ్ లేదు. క్లీన్ యాంప్‌కు డ్రైవ్ 12, టోన్ 11, లెవెల్ 12 గంటలు. మరుగుతున్న యాంప్‌కు డ్రైవ్ 8, టోన్ 12, లెవెల్ 3 గంటలు. ఈ రెండో సెట్టింగ్ విన్నాక మొదటిదాని మీద మనసు పోవడం కష్టం.

డయోడ్ల సంగతి త్వరగా తేలిపోయింది. మామూలు సిలికాన్ డయోడ్లు సుమారు 0.6 వోల్టుల దగ్గర కోస్తాయి. వాటి బదులు ఎర్ర ఎల్‌ఈడీలు పెడితే 1.7 వోల్టుల చుట్టుపక్కల కోస్తాయి. సౌండ్ పెరుగుతుంది, నొక్కేసినట్టుండే గుణం తగ్గుతుంది. ఒకవైపు ఒక డయోడ్, ఇంకోవైపు రెండు పెడితే బాస్ కంపెనీ ఎస్‌డీ 1 పెడల్ దారి. అందులో గరగర కాస్త గరుకుగా, అంచులు తెరుచుకున్నట్టుగా ఉంటుంది.

ర్యాట్

1978 నాటి ప్రోకో ర్యాట్ ఓవర్‌డ్రైవ్‌కూ ఫజ్‌కూ నడుమ కూర్చుంటుంది. ఇందులో డయోడ్లు ఫీడ్‌బ్యాక్‌లో కాకుండా ఆప్ ఆంప్ (సిగ్నల్‌ను పెంచే చిప్) తర్వాత గ్రౌండ్‌కు ఉంటాయి, అందుకే కోత కరుకు. మొదటిసారి పట్టుకున్నవాళ్లు తడబడేది ఫిల్టర్ నాబ్ దగ్గర. అది తిరగేసి పనిచేస్తుంది: కుడికి తిప్పితే ట్రెబుల్ తగ్గుతుంది.

పాత ఎల్‌ఎమ్ 308 చిప్ కోసం వేటాడాలా అంటే, అక్కర్లేదు. ఆ చిప్ ప్రత్యేకత దాని బద్ధకం. స్ల్యూ రేటు, అంటే అవుట్‌పుట్ మారగలిగే వేగం, మైక్రోసెకనుకు 0.3 వోల్టులే. ఎక్కువ గెయిన్‌లో పైస్థాయి మూలలు గుండ్రబడేది అందుకే. తర్వాతి ర్యాట్లలో వాడిన ఓపీ 07 కూడా అంతే బద్ధకస్తురాలు. చురుకైన టీఎల్ 071 పెడితే మాత్రం చిరచిర తెలుస్తుంది. చిప్ మార్చేటప్పుడు 308కి అవసరమైన 30 పికోఫారడ్ కెపాసిటర్‌ను మిగతా రెంటికీ తీసేయాలి.

డిస్టార్షన్ 10, ఫిల్టర్ 1, వాల్యూమ్ 11 గంటలు పెడితే ఓవర్‌డ్రైవ్‌లా ఉంటుంది. 3 గంటలు దాటితే ఫజ్.

బిగ్ మఫ్

ఎలక్ట్రో హార్మోనిక్స్ 1969 నుంచి రకరకాల విలువలతో చేస్తూ వచ్చిన సర్క్యూట్. గదిలో గోడంత పెద్ద సౌండ్, డ్రమ్స్ మొదలవగానే మాయం. టోన్ కంట్రోల్‌లో 39 కిలో ఓమ్, 0.01 మైక్రోఫారడ్ జంట ఒకవైపు సుమారు 400 హెర్ట్జ్ దగ్గర ట్రెబుల్‌ను ఆపుతుంది. 22 కిలో ఓమ్, సుమారు 0.004 జంట ఇంకోవైపు 1,800 పైన ఉన్నదాన్ని పంపుతుంది. మధ్యలో మిగిలేది గొయ్యి. గిటార్ బతికేదీ అక్కడే. 0.004 స్థానంలో 0.01 పెడితే రెండో గీత 720కి దిగి గొయ్యి చాలావరకు పూడుతుంది. ఐదు నిమిషాల సోల్డరింగ్ పని. పెడల్ విప్పడం ఇష్టం లేకపోతే దాని వెనకాల ట్యూబ్ స్క్రీమర్ పెట్టి డ్రైవ్ 7, లెవెల్ 1 గంట ఉంచినా మధ్యస్థాయి తిరిగొస్తుంది.

ఫజ్ ఫేస్: ఎక్కువ కాలం తినేసింది ఇదే

1966లో ఆర్బిటర్ తెచ్చిన ఈ గుండ్రటి డబ్బాలో రెండు ట్రాన్సిస్టర్లు, చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని విడిభాగాలు. కొలతలు: ఇన్‌పుట్‌లో 2.2 మైక్రోఫారడ్, మొదటి కలెక్టర్‌కు 33 కిలో ఓములు, రెండో కలెక్టర్‌కు 8.2 కిలో ఓములు, దాని నెత్తిన 470 ఓములు, ఫీడ్‌బ్యాక్‌కు 100 కిలో ఓములు, 1 కిలో ఓమ్ ఫజ్ పాట్ (నాబ్ కింద ఉండే, తిప్పితే మారే రెసిస్టర్), 22 మైక్రోఫారడ్, అవుట్‌పుట్‌లో 0.01, వాల్యూమ్ పాట్ 500 కిలో ఓములు. చూడ్డానికి చిన్నదే, అన్నిటికన్నా పేచీకోరు కూడా ఇదే.

ముందు లూపర్ చిక్కు. ఈ పెడల్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (వచ్చే సిగ్నల్‌కు అది చూపే నిరోధం) చాలా తక్కువ, కొన్ని కిలో ఓములే. మామూలు పెడల్‌కు పికప్ కేవలం సిగ్నల్ ఇచ్చే వస్తువు; ఇక్కడ మాత్రం పికప్ కాయిల్ కూడా సర్క్యూట్‌లో ఒక భాగమైపోతుంది. 2.5 హెన్రీల కాయిల్ 1,000 హెర్ట్జ్ దగ్గర సుమారు 16 కిలో ఓములు, 3,000 దగ్గర 47 కిలో ఓములు అడ్డుపడుతుంది. అంటే పైస్థాయి దానంతటదే మెత్తబడుతుంది. నడుమ లూపరో, ట్యూనరో, బఫర్ (ముందున్నదాన్నీ వెనకున్నదాన్నీ విడదీసే దశ) ఉన్న ఇంకో పెడలో వస్తే ఆ అడ్డు పోతుంది, ట్రెబుల్ అంతా నేరుగా దూకుతుంది, రేకు డబ్బా గీరినట్టు మోగుతుంది. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే శుభ్రపడే గుణం కూడా దానితోనే పోతుంది. ఆ గుణం గిటార్ పాట్ వరసలో పెట్టే నిరోధం వల్ల వస్తుంది కదా, బఫర్ ఆ నిరోధాన్ని కప్పేస్తుంది. లూపర్ తర్వాత 10 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి చూస్తే గెయిన్ దారికొచ్చింది, ట్రెబుల్ రాలేదు. రెసిస్టర్ అన్ని స్థాయిలకూ ఒకేలా అడ్డుపడుతుంది కాబట్టి. ఫజ్ ఫేస్ పరీక్ష చేత్తో వాయించే చేయాలి, గిటార్ కేబుల్ నేరుగా దానికే వెళ్లాలి. బిగ్ మఫ్ ఇన్‌పుట్‌లోనే 39 కిలో ఓముల రెసిస్టర్ ఉంది, దానికి ఈ పట్టింపు అంతగా లేదు.

తర్వాత జర్మేనియం ట్రాన్సిస్టర్ల ఏరివేత. మల్టీమీటర్ మీది గెయిన్ అంకెను నమ్మకూడదు, అది లీకేజీని కూడా కలిపి చూపిస్తుంది. 9 వోల్టుల బ్యాటరీ, కలెక్టర్‌లో సుమారు 2.47 కిలో ఓములు (2.4 కిలో ఓమ్‌కు 68 ఓములు కలిపితే చాలు), బేస్‌కు (ఇది ట్రాన్సిస్టర్ కాలు, సౌండ్‌లోని బేస్ కాదు; కలెక్టర్ ఇంకో కాలు) స్విచ్ ద్వారా 2.2 మెగా ఓములు. స్విచ్ ఆపి కలెక్టర్ రెసిస్టర్ మీద వోల్టేజీ చూడాలి: 0.25 వచ్చిందనుకుందాం, అది 100 మైక్రోఆంపియర్ల లీకేజీ. స్విచ్ వేస్తే 1.15. తేడా 0.90, దాన్ని 100తో హెచ్చిస్తే అసలు గెయిన్ 90. లీకేజీ తీసేయకపోతే 115 అనుకుని తప్పు స్థానంలో పెట్టేవాళ్లం. మొదటి స్థానానికి 70, 80 మధ్యది, రెండోదానికి 110, 130 మధ్యది. 300 మైక్రోఆంపియర్లు దాటి కారేదాన్ని పక్కన పెట్టేయడమే.

కొలిచేటప్పుడు వేళ్లతో పట్టుకోకూడదు. ఒంటి వేడికే అంకె పైకి పాకుతుంది. వదిలేసి రెండు నిమిషాలు ఆగితే మళ్లీ దిగుతుంది. సోల్డర్ చేసిన వెంటనే బయాస్ (ట్రాన్సిస్టర్ నిలకడ వోల్టేజీ) సర్దడం కూడా ఇలాంటి తప్పే. 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే లీకేజీ దాదాపు రెట్టింపవుతుంది. చల్లటి గదిలో సర్దిన పెడల్ వేదిక లైట్ల కింద వేరే పెడల్‌గా మారడం వింతేం కాదు.

బయాస్‌కు గుర్తు రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్: 9 వోల్టుల సప్లైకి సుమారు 4.5. పీఎన్‌పీ (ఎన్‌పీఎన్‌కు ప్లస్, మైనస్ తిరగబడిన రకం ట్రాన్సిస్టర్) అయితే మీటర్లో మైనస్ 4.5. 8.2 కిలో ఓమ్ తీసి అక్కడ 4.7 కిలో ఓమ్, దానికి వరసగా 10 కిలో ఓమ్ ట్రిమ్ పాట్ (డబ్బా లోపల స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న పాట్) పెడితే దాదాపు ఏ జంటనైనా దారిలో పెట్టొచ్చు. 7 వోల్టుల దగ్గరికి జారనిస్తే నోటు చివర తుప్పుతుప్పుమని ఉమ్మినట్టు తెగిపోతుంది. కొందరికి కావలసింది అదే, అది వేరే సంగతి.

సిలికాన్ రకానికి బీసీ 108. వేడికి చలించదు, కానీ గెయిన్ ఎక్కువ కాబట్టి బుస్సుమంటుంది, ఒక్కోసారి రేడియో స్టేషన్ కూడా పట్టేస్తుంది. రెండో ట్రాన్సిస్టర్ బేస్, కలెక్టర్ల మధ్య 100 పికోఫారడ్ పెడితే ఆ రెండూ తగ్గాయి. సౌండ్ చాలకపోతే పైనున్న 470 ఓములను 1 కిలో ఓమ్‌కు పెంచాలి. హంబకర్‌తో బేస్ ఉబ్బుతుంటే 2.2 బదులు 0.1 మైక్రోఫారడ్. పీఎన్‌పీ బొమ్మ చూసి ఎన్‌పీఎన్ కట్టేటప్పుడు బ్యాటరీ తిప్పుతారు, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు తిప్పడం మరిచిపోతారు. ముందు చూడాల్సింది అదే.

కరెంటు

పీఎన్‌పీ ఫజ్‌లో డబ్బా గ్రౌండ్ బ్యాటరీ ప్లస్‌కు కలిసి ఉంటుంది. మిగతా పెడల్స్‌తో ఒకే అడాప్టర్ తీగ మీద వేలాడదీస్తే ప్యాచ్ కేబుల్ చుట్టూ ఉన్న కవచం ద్వారా ప్లస్, మైనస్ కలిసిపోయి అడాప్టర్ షార్ట్ అవుతుంది. విడి ఐసొలేటెడ్ (మిగతావాటితో కలవని) అవుట్‌పుట్, లేదా బ్యాటరీ వాడాలి. ఛార్జ్ పంప్ చిప్ పెట్టి మైనస్ 9 పుట్టించొచ్చు. మాక్స్ 1044 వాడితే 1వ కాలును 8వ కాలుకు కలపాలి. లేకపోతే సన్నటి ఈల వెంటాడుతుంది. బ్యాటరీ మీద నడిపేటప్పుడు వాయించడం అయ్యాక ఇన్‌పుట్ ప్లగ్ పీకేయాలి. చాలా పెడల్స్‌కు అసలు స్విచ్ అదే.

ప్రస్తుతం నిలిచిన వరస

గిటార్, జర్మేనియం ఫజ్ ఫేస్, వావా (పాదంతో ఊపి టోన్ మార్చే పెడల్), 0.068 వేసిన ట్యూబ్ స్క్రీమర్, ర్యాట్, యాంప్. ఫజ్ తర్వాత వావా పెట్టడం అలవాటు లేనివాళ్లకు తేడాగా అనిపించొచ్చు. ముందు పెడితే మాత్రం ఊళ పుడుతుంది, పెడల్ తొక్కినా స్వీప్ సగమే వినిపిస్తుంది. ఫజ్ 4 గంటలు, గిటార్ వాల్యూమ్ (గడియారం లెక్క కాదు, నాబ్ మీది అంకె) 7 మీద పెడితే గాజులాంటి క్లీన్, 10 మీద పూర్తి ఫజ్. బిగ్ మఫ్ బోర్డు మీంచి దిగింది, 0.01 వేసినది ఇంకోసారి డ్రమ్స్‌తో వినాలి. ఫజ్ ఫేస్ బయాస్‌ను 20, 25, 30, 35 డిగ్రీల దగ్గర కొలిచి ట్రిమ్ పాట్‌ను బయటి నాబ్‌గా మార్చాలా వద్దా తేల్చడం తర్వాతి పని.