కాకర తీగను చూసి గీసిన అచ్చు

పెడన అద్దకం చీరలకు, దుపట్టాలకు డిజైన్లు గీసి ఇవ్వడం నా పని. ఉండేది విజయవాడలో, ఒక అపార్ట్‌మెంట్‌లో. అచ్చులు చెక్కించడం, బట్ట మీద అద్దించడం అంతా పెడనలోనే. ఈ పనిలో నాకు అన్నిటికంటే కష్టంగా ఉండేది కొత్త తీగ గీయడం. కలంకారీ అంటేనే తీగలు, పూలు, మామిడి పిందెలు. తరతరాలుగా గీస్తూ వచ్చినవి. పాత అచ్చుల ముద్రలు చూసి గీస్తే పాతదే వస్తుంది, ఫోన్‌లో చూసి గీస్తే ఇంకొకరిది వస్తుంది. నిరుడు ఎండాకాలానికి, తెల్ల కాగితం ముందు పెట్టుకుంటేనే టెన్షన్ మొదలయ్యే పరిస్థితికి వచ్చాను.

బాల్కనీలో మొక్కలు పెంచి, వాటిని చూసే గీయాలని అప్పుడు అనుకున్నాను. మాది తూర్పు బాల్కనీ. పొద్దున పది దాటే వరకు మంచి ఎండ ఉంటుంది, తర్వాత నీడ. నర్సరీలో కడియం నుంచి వచ్చిన రంగురంగుల క్రోటన్లు, గులాబీలు చాలా ఉన్నాయి. నేను మాత్రం గీయడానికి పనికొచ్చేవే తెచ్చుకున్నాను: ముద్ద మందార కాకుండా ఒంటిరెక్క మందార, తులసి, శంఖుపుష్పం. ఇంట్లో మనీప్లాంట్ ముందే ఉంది. కాకర గింజలు మాత్రం జూన్‌లో తొలకరి పడగానే నానబెట్టి నేనే పెట్టాను. ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి కలిపి, అడుగుకు పైగా లోతున్న సంచిలో వేశాను. మధ్యలో మందారకు పిండినల్లి పట్టింది. లీటరు నీళ్లలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రాలు కొట్టాను, పోయింది.

గీయడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. పొద్దున్నే, పెన్సిల్‌తోనే, రంగు జోలికి పోకుండా. మొక్క మొత్తం గీయకుండా ఒక్క కణుపు మాత్రమే. ఆకు ఎక్కడ పుట్టింది, దాని కాడ ఏ కోణంలో వంగింది, పక్కన ఇంకేం పుట్టింది? మొదట్లో విసుగ్గానే ఉండేది. కానీ తులసి దగ్గర నా చూపు మారింది. తులసి కాండాన్ని వేళ్ల మధ్య తిప్పితే గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా తగులుతుంది. ప్రతి కణుపు దగ్గరా రెండు ఆకులు ఎదురెదురుగా వస్తాయి. పై కణుపులో జత దానికి అడ్డంగా తిరుగుతుంది. పైనుంచి చూస్తే నాలుగు దిక్కులకూ ఆకులు పరుచుకున్న చక్కని బుటా! పుట్టినప్పటి నుంచి ఇంటి ముందు చూస్తున్న మొక్కే, దానిలో ఇంత లెక్క ఉందని గీసే వరకు నాకు తెలియలేదు. మందార మొగ్గ విచ్చుకునేటప్పుడు కూడా అంతే. ఐదు రెక్కల్లో ప్రతిదీ ఒక పక్క రెక్క మీదికి ఎక్కి, ఇంకో పక్క రెక్క కిందికి దూరి మెలి తిరిగి ఉంటుంది.

కాకర పాకడం మొదలుపెట్టాక మిగతావన్నీ పక్కకు పోయాయి. దాని నులితీగ ఒంటిగా, దారప్పోగంత సన్నగా వస్తుంది. గాలిలో తడుముకుంటూ తిరుగుతుంది. తాడు తగిలితే కొస దాన్ని చుట్టేస్తుంది. ఆ తర్వాత మధ్య భాగం స్ప్రింగులా చుట్టుకుంటుంది. అలాంటి ఒక చుట్టను దగ్గరగా పెట్టుకుని గీస్తుంటే, సగం దూరం ఒకవైపు తిరిగి, మధ్యలో చిన్న ముక్క తిన్నగా సాగి, అక్కడి నుంచి రెండోవైపు తిరిగింది. ఇంకోటి చూశాను, అదీ అంతే. రెండు కొసలూ కట్టుబడి ఉన్నప్పుడు మధ్య భాగం ఒకేవైపు చుట్టుకోవడం కుదరదు. ఇటు ఎన్ని మెలికలు పడితే అటూ అన్ని పడాలి. గాలికి తీగ ఊగినా తెగకుండా ఆ స్ప్రింగే కాపాడుతుంది. మేం డిజైన్లలో వేసే చుట్టలన్నీ ఒకేవైపు తిరిగేవే. ఈ దిశ మారే చోటు ఎంత అందంగా ఉంటుందో! నా పుస్తకంలో పేజీలకు పేజీలు అదే గీశాను.

పూకాడ మధ్యలో గుండ్రని బుల్లి ఆకు ఒకటి ఉంటుంది. మగపూలు ముందు వస్తాయి, ఆడపూలకు పువ్వు వెనకే పిందె ఉంటుంది. ఇవన్నీ కాగితం మీద పెట్టాక అసలు సంగతి అర్థమైంది. తీగకు వయసు ఉంటుంది. కింద ముదిరిన కాయలు, మధ్యలో పూలు, కొసన మడత విప్పని నూగు ఆకులు. మేం గీసే తీగలో మొదటి నుంచి చివరి దాకా ఒకే సైజు పూలు. అందుకే అది కదలదు. కాకర నియమం చేతికి వచ్చాక, మొక్కను చూడకుండానే నా తీగ నేను గీయగలిగాను. ఏ మొక్కకూ కాపీ కాదది, అయినా బతికున్నట్టే ఉంది.

కాయ ముదిరే దగ్గర మా అత్తయ్యగారితో చిన్న పేచీ. "కూరకు కోయాల్సిన కాయను పండబెడతావేంటమ్మా?" అన్నారు. రెండు కాయలు నాకు వదిలేయమని బతిమాలాను. అవి నారింజ రంగుకు తిరిగి, కింద నుంచి మూడు చీలికలుగా విచ్చుకుని వెనక్కి మడుచుకున్నాయి. లోపల ఎర్రటి గుజ్జు అంటిన గింజలు. కాయ కాస్తా పువ్వైపోయినట్టుంది. దాన్ని చూసి అత్తయ్యగారే తర్వాతి కాయ కోయకుండా వదిలేశారు.

ఆ రోజుల్లోనే ఇంటర్నెట్‌లో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వృక్షశాస్త్రవేత్త గీయించిన బొమ్మలు చూశాను. ఆయన 1780ల్లో సామర్లకోటలో ఉంటూ మన తీరం మొక్కలను ఇక్కడి చిత్రకారులతో గీయించాడు. 1793లో కలకత్తా వెళ్లి అక్కడి బొటానికల్ గార్డెన్ బాధ్యతలు తీసుకున్నాడు. ఆ బొమ్మల్లో 300 లండన్‌లో 1795 నుంచి మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. ఒకే పుట మీద కొమ్మ, పువ్వు, కాయ, కోసిన గింజ కూడా ఉంటాయి. నేను చూసిన పుటల మీద గీసినవాళ్ల పేరు ఎక్కడా కనబడలేదు, అది నన్ను చాలా బాధపెట్టింది. సామర్లకోటలో కూర్చుని మొక్కను ఇంత శ్రద్ధగా చూసినవాళ్లు నా పనికి పెద్దలు అనిపించింది. వాళ్లలాగే మొగ్గ, పువ్వు, పిందె, విచ్చిన పండు, గింజ అన్నీ ఒకే కాగితం మీదికి తెచ్చుకున్నాను. డిజైను అందులోంచే వచ్చింది.

అచ్చుకు మార్చడం వేరే పని. అచ్చు ఒక్కటే అయితే ప్రతిసారీ అదే ముద్ర పడుతుంది, మరి తీగకు వయసు ఎలా వస్తుంది? మూడు అచ్చులు అనుకున్నాను: పండున్నది, పూలున్నది, లేత కొస. అంచు నుంచి పైకి ఆ వరసలో అద్దాలి. గీతకు, రంగులకు వేరువేరు అచ్చులు కావాలి కాబట్టి ఖర్చు బాగా పెరుగుతుంది. ఆర్డర్ ఇచ్చిన షాపువాళ్లు దుపట్టా రెండు కొంగులకు మాత్రమే ఒప్పుకున్నారు. అది చాలనుకున్నాను. అచ్చుకు అచ్చు కలిసే చోటు సరిగ్గా కణుపు మీద పడేట్టు గీశాను. కణుపు ఎలాగూ కాస్త ఉబ్బి ఉంటుంది, అద్దేటప్పుడు వెంట్రుకవాసి తేడా వచ్చినా దానిలో కలిసిపోతుంది.

పెడనలో టేకు చెక్క మీద అచ్చులు చెక్కే పెద్దాయన కాగితం చూసి, "ఇంత సన్నం గీతైతే చెక్క నిలవదమ్మా, నాలుగు రోజుల్లో విరిగిపోద్ది" అన్నారు. నులితీగ గీతను లావు చేశాను, చుట్టలు తగ్గించాను. దిశ మారే మెలిక మాత్రం ఉంచాలన్నాను. "ఇటు తిరిగింది మళ్లీ అటెందుకు తిరుగుద్ది?" అని అడిగారు. కాగితంలో చుట్టి తెచ్చిన ఎండు నులితీగ చూపించాను. వేలితో రెండు వైపులా లెక్కపెట్టుకుని, కాగితం తీసి పక్కన పెట్టి, ఆ ఎండు తీగనే ముందు పెట్టుకుని చెక్కారు.

బట్ట మీద గీత నలుపులో, గింజలు పటిక ఎరుపులో, పండు డొల్ల దానిమ్మ తొక్క పసుపులో వచ్చాయి. ఆ పసుపు నేను అనుకున్న నారింజ కంటే చల్లగా ఉంది, నాకైతే అదే నచ్చింది. దుపట్టా మధ్యలో తులసి బుటా వేయించాను. షాపువాళ్లు ఇప్పుడు ఇదే తీగను చీర కొంగుకు పెద్దదిగా అడుగుతున్నారు. దాంతోపాటు బీర కూడా మొదలుపెట్టాను. దాని నులితీగ చీలికలుగా వస్తుంది, పూలు సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి గీసే వేళ మార్చుకున్నాను. చెక్క మీద చీలిక విరగకుండా ఎంత దగ్గరగా పెట్టొచ్చో అడగడానికి వచ్చే వారం పెడన వెళ్తున్నాను.