ముప్ఫై మూడు మిల్లీమీటర్లు

"పార్థినాన్‌కి ముందు వైపు 8 స్తంభాలు, పక్క వైపు 17. చుట్టూ కలిపి ఎన్ని?"

ఆర్కిటెక్చర్ కాలేజీ ఫస్టియర్ హిస్టరీ క్లాసులో, ఏథెన్స్‌లోని ఆ గ్రీకు గుడి గురించి సారు అడిగిన మొదటి ప్రశ్న ఇది. క్లాసంతా ఒక్క గొంతుతో 50 అన్నాం. ఆయన బోర్డు మీద 46 అని రాసి, "మూలనున్న నలుగుర్నీ రెండేసిసార్లు లెక్కపెట్టారు" అన్నారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లకి ఈ లెక్కపెట్టే జబ్బు జీవితాంతం వదలదు. నాకు మాత్రం ఒకసారి వదిలింది. సరిగ్గా వదలకూడని చోట.

అయానిక్ అనే గ్రీకు పద్ధతి స్తంభానికి తలమీదుండే చుట్ట గీసిన రోజులు మన బ్యాచ్‌లో ఎవరూ మర్చిపోయి ఉండరు. పొట్టేలు కొమ్ములా లోపలికి తిరిగే ఆ గీతకి మూడు చుట్లు, చుట్టుకి నాలుగు వంపులు. మొత్తం 12 వంపులకి 12 కేంద్రాలు, అన్నీ మధ్యనున్న చిన్న కంట్లోనే. కంపాసు సూది పొడిచి పొడిచి నా షీటులో ఆ కన్ను కాస్తా చిల్లు పడింది. సారు షీటు పైకెత్తి, చిల్లులోంచి నన్నే చూస్తూ, "ఏమ్మా, దీనికి చూపు పోయిందే" అన్నారు. మళ్లీ గీశాను. రెండో షీటుకీ పోయింది. మూడోది నిలబడింది, మార్కులు మాత్రం రెండో షీటుకి వచ్చేవే వచ్చాయి.

ఆఫీసులో చేరాక ఏడాది దాకా స్తంభం అన్న మాట వినపడలేదు. మెట్ల వివరాలు, బాత్రూం టైల్సు, తలుపుల పట్టిక. ఆ పట్టికని ఎనిమిదిసార్లు మార్చాను. అలాంటప్పుడు ఒక ఆఫీసు భవనం పోర్టికో వచ్చింది. యజమానికి ఆకులున్న స్తంభాలు కావాలి, అంటే కొరింథియన్. ఆ ఆకుల వెనక కథ ఉంది కదా: చనిపోయిన అమ్మాయి సమాధి మీద ఎవరో బుట్ట పెట్టి పైన పెంకు కప్పారట, బుట్ట చుట్టూ అకాంథస్ మొక్క అల్లుకుందట, అటు వెళ్తున్న కలిమాకస్ అనే శిల్పి అది చూసి స్తంభం తలభాగం, అంటే శీర్షం, చెక్కాడట. చెప్పినవాడు రోమన్ ఆర్కిటెక్ట్ విట్రూవియస్. మా బాస్‌కి కథ నచ్చింది గానీ అన్ని ఆకులకి అచ్చులు చేయించే ఖర్చు నచ్చలేదు. అలా అయానిక్‌కి దిగాం.

ఎత్తు నాలుగున్నర మీటర్లు. 1562లో ఇటలీ ఆర్కిటెక్ట్ విన్యోలా పెట్టిన లెక్కలో అయానిక్ స్తంభం ఎత్తు తన అడుగుభాగం వ్యాసానికి 9 రెట్లు. కాబట్టి కింద 500 మిల్లీమీటర్లు. పైకి వెళ్లేసరికి ఆరింట అయిదు వంతులు, అంటే దాదాపు 417. నేను కింద నుంచి పైకి స్కేలు పెట్టి తిన్నగా గీత లాగేశాను. బాస్ ప్రింటు తీసుకుని దూరంగా పట్టుకుని చూసి, "నడుం పట్టేసినట్టుంది" అన్నారు. మూడో వంతు దాకా నిటారుగా పోనిచ్చి, అక్కణ్నుంచి మెల్లగా వంచమన్నారు. మనం ఎంటాసిస్ అని పరీక్షలో రెండు పేజీలు రాసింది దీని గురించేనని అప్పుడు గుర్తొచ్చింది.

శీర్షం అయితే పాత ఫైల్లోంచి బ్లాకు, అంటే ముందే గీసి ఉన్న బొమ్మ, తెచ్చి, ఎత్తు చాలక నిలువుగా మాత్రమే సాగదీశాను. చుట్ట కాస్తా కోడిగుడ్డయింది. ఆ రాత్రి కంప్యూటర్లోనే మళ్లీ 12 కేంద్రాలూ పెట్టుకుని గీశాను. ఈసారి చిల్లు పడే భయం లేదు.

ఈ స్తంభాలు బరువు మొయ్యవు. లోపల 300 మిల్లీమీటర్ల కాంక్రీటు స్తంభం ఉంటుంది, దాని చుట్టూ రెండు సగాలుగా పోతపోసిన జీఆర్‌సీ (గాజు పీచు కలిపిన కాంక్రీటు) తొడుగు. మొదట్లో నాకిది అబద్ధంలా అనిపించి సిగ్గేసేది. తర్వాత కొలోసియం గుర్తొచ్చింది. అక్కడా గోడకి అంటుకున్న సగం స్తంభాలు అలంకారానికే, బరువంతా వెనక ఉన్న ఆర్చీలది. రోమన్లకి లేని సిగ్గు నాకెందుకు?

అసలు తప్పు ఆ తొడుగులోనే జరిగింది. అయానిక్ స్తంభానికి 24 నిలువు గాడులు, గాడికీ గాడికీ మధ్య సన్నటి పట్టీ. పద్ధతి ప్రకారం సరిగ్గా ఎదురుగా గాడి మధ్యభాగం రావాలి, పట్టీ రాకూడదు. నా డ్రాయింగులో 24 గాడులూ ఉన్నాయి, వాటి లోతూ ఉంది. రెండు సగాలూ ఎక్కడ కలవాలో మాత్రం లేదు. అచ్చు పోసేవాళ్లు తమకి వీలైనట్టు సగానికి 12 నిండు గాడులు వేసి, అతుకు పట్టీ మీదికి తెచ్చారు. పట్టీ మీదైతే పుట్టీ పెట్టడం తేలిక. వాళ్ల తప్పేమీ లేదు. కానీ పక్కన అతుకు దగ్గర పట్టీ ఉంటే, అక్కణ్నుంచి ఆరు గాడులు లెక్కపెట్టుకుంటూ వస్తే ఎదురుగా వచ్చేదీ పట్టీయే. నేను లెక్కపెట్టలేదు.

తొడుగులు నిలబెట్టాక గర్వంగా సారుకి ఫోన్ చేశాను, జూనియర్లని తీసుకురండి అని. వచ్చారు. పిల్లలు ఫొటోలు తీసుకుంటుంటే ఆయన మొదటి స్తంభం ముందు నిలబడి, చూపుడు వేలు గాల్లో కదుపుతూ పెదాలు ఆడిస్తున్నారు. నా గుండె జారిపోయింది. పక్కకి పిలిచి, పిల్లలకి వినపడకుండా, "ఏమ్మా, ఎదురుగా పట్టీ పెట్టావు, కావాలనేనా?" అన్నారు. అవునని ఉంటే నమ్మేవారేమో. "లేదు సార్, అతుకు ఎక్కడో గియ్యడం మర్చిపోయాను" అన్నాను. "ఎంత తిప్పాలి?" అని అడిగారు. గాడికి 15 డిగ్రీలు, సగం తిప్పితే ఏడున్నర. 500 వ్యాసం మీద అది 33 మిల్లీమీటర్లు. నోటితోనే చెప్పాను. "మరి చెప్పగలవుగా" అని మళ్లీ పిల్లల్లో కలిసిపోయారు.

సాయంత్రం బాస్‌తో చెప్పాను. అరవలేదు. అరిస్తే బావుండేది. చివర్లలో ఉన్న రెండు స్తంభాలకి అప్పటికే అతుకులు మూసి పుట్టీ పెట్టేశారు. తలుపుకి అటూ ఇటూ ఉన్న రెంటికి ఇంకా మూయలేదు. శీర్షాలు విడి ముక్కలే కాబట్టి ఆ రెండు తొడుగుల్ని 33 మిల్లీమీటర్లు తిప్పించాం. మేస్త్రీ చేతిలో గుండు పట్టుకుని ఒకసారి నన్నూ, ఒకసారి స్తంభాన్నీ చూసి, "ఇంతకే తిప్పాలా మేడం?" అన్నాడు. ఇంతకే.

కాబట్టి ఆ పోర్టికోలో ఈ రోజుకీ రెండు స్తంభాలకి ఎదురుగా గాడి ఉంటుంది, రెంటికి పట్టీ. ఇన్నేళ్లలో ఒక్కరూ పట్టుకోలేదని మా బాస్ అంటారు. ఈ సంచిక చదివేది మనవాళ్లే కాబట్టి, భవనం ఎక్కడుందో మాత్రం రాయడం లేదు.